మాన్‌స్టర్లు బుర్ర పెట్టి ఫైట్ చేయాలంటే: డీఎంలు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా గేమ్ నడిపేవాళ్ళు (డీఎంలు, అంటే డంజన్ మాస్టర్లు) నన్ను మళ్ళీ మళ్ళీ అడిగేవి, నేను మొదట్లో వేరేవాళ్ళని అడిగినవి, అన్నీ కలిపి ఒకచోట పెడుతున్నా. అంకెలు ఎక్కువగా టేబుల్ చుట్టూ కూర్చుని డైస్‌తో ఆడే కథల గేమ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014 పుస్తకాలవి. తర్వాత వచ్చిన 2024 సెట్‌లో కొన్ని మారాయి, మీ దగ్గర అదే ఉంటే ఒకసారి చూసుకోండి, ఆలోచించే పద్ధతి మాత్రం దేనికైనా పనికొస్తుంది.

మాన్‌స్టర్ అంటే ఎదురొచ్చి కొట్టేదే కదా, దానికి మళ్ళీ టాక్టిక్స్ ఎందుకు?

ఎందుకంటే దానికీ ప్రాణం మీద తీపి ఉంటుంది. నా టేబుల్‌లో జరిగింది చెప్తా. రెండో లెవెల్ పార్టీ, నలుగురు ప్లేయర్లు, ఆరు గాబ్లిన్లు. ఒక గదిలో పెట్టా, తలుపు తీయగానే ఆరూ కత్తులు పట్టుకుని వరసగా మీదికొచ్చాయి, రెండు రౌండ్లలో అయిపోయింది, మూడో రౌండ్‌కి ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు. తర్వాతి వారం అవే ఆరు గాబ్లిన్లు, అదే స్టాట్ బ్లాక్ (మాన్‌స్టర్ అంకెలు, పవర్లు అన్నీ రాసి ఉండే పెట్టె), ఒక్క అంకె కూడా మార్చలేదు, అడవి దారిలో చెట్ల వెనక పెట్టా. కొట్టి దాక్కోవడం, దాక్కుని కొట్టడం, మూడు చచ్చాక మిగతావి పారిపోవడం. ఫైట్ ముప్పావుగంట నడిచింది, ఒక్కరు కూడా కుర్చీలోంచి లేవలేదు, తప్పించుకున్న చెవి తెగిన గాబ్లిన్‌ని ఎప్పుడు పట్టుకుంటామా అని చాలా వారాలు అడుగుతూనే ఉన్నారు.

అప్పట్నుంచి ప్రతి మాన్‌స్టర్‌కీ మూడు విషయాలు ముందే అనుకుని కూర్చుంటా. దీనికి ఏం కావాలి, దీని ఒంటికి ఏ పని బాగా చేతనవుతుంది, ఎంత దెబ్బ తగిలితే ఇక చాలు అనుకుంటుంది. మొదటిదీ మూడోదీ మీరు కథలోంచి తెచ్చుకోవాలి, రెండోది మాత్రం స్టాట్ బ్లాక్‌లోనే రాసి ఉంటుంది.

స్టాట్ బ్లాక్‌లో ముందు ఏం చూడాలి? నేనైతే ఏసీ (దెబ్బ తగలాలంటే దాటాల్సిన అంకె), హెచ్‌పీ (హిట్ పాయింట్లు, ఎంత దెబ్బ తట్టుకుంటుందో), డ్యామేజ్ చూసి వదిలేస్తా.

చాలామంది అంతే చేస్తారు. నేను అవి ఆఖర్న చూస్తా. ముందు ఆరు ఎబిలిటీ స్కోర్లు. స్ట్రెంత్ (బలం), కాన్స్టిట్యూషన్ (కాన్, ఒంటి గట్టితనం) రెండూ ఎక్కువుంటే అది దెబ్బకి దెబ్బ అని దగ్గరికొచ్చి నిలబడి కొట్టే రకం, ఓగర్‌ చూడండి, స్ట్రెంత్ 19, కాన్ 16, డెక్స్ (డెక్స్టెరిటీ, చురుకు) 8. డెక్స్ ఎక్కువుండి మిగతా రెండూ తక్కువుంటే దగ్గర నిలబడితే చస్తుంది, ఆ సంగతి దానికి పుట్టినప్పట్నుంచీ తెలుసు, కాబట్టి దూరం నుంచి కొడుతుంది, దాక్కుంటుంది, ఎప్పుడూ గుంపుగా వస్తుంది. గాబ్లిన్ అదే, స్ట్రెంత్ 8, డెక్స్ 14, కాన్ 10.

తర్వాత ఇంటెలిజెన్స్, విజ్డమ్. ఈ రెండూ కలిపేసి చూడకండి. ఇంటెలిజెన్స్ అంటే ప్లాన్ వేయగలదా, ఎదుటివాడి ప్లాన్ కనిపెట్టి తన ప్లాన్ మార్చుకోగలదా అని. విజ్డమ్ అంటే ఎవర్ని ముట్టుకోవచ్చు, ఎవర్ని ముట్టుకోకూడదు, ఎప్పుడు పారిపోవాలి అన్నది పసిగట్టడం. తోడేలుకి ఇంటెలిజెన్స్ 3, విజ్డమ్ 12. అది మ్యాప్ గీసి ప్లాన్ వేయదు కానీ మందలోంచి ఎవర్ని విడదీయాలో మనకంటే దానికే బాగా తెలుసు.

ఆ తర్వాత స్పీడ్, కళ్ళు, స్కిల్స్. డార్క్‌విజన్ (చీకట్లో చూపు) 60 అడుగులు ఉండి పార్టీలో సగం మందికి అది లేకపోతే, ఆ మాన్‌స్టర్ పట్టపగలు ఎందుకొస్తుంది చెప్పండి. స్కిల్స్‌లో స్టెల్త్ రాసి ఉంటే దాక్కోమని రాసినట్టే. బోనస్ యాక్షన్ (మామూలు యాక్షన్ కాక అదనంగా చేసే చిన్న పని) ఉంటే ప్రతి టర్న్ దాన్ని వాడే మార్గం వెతకాలి. రీచార్జ్ 5–6 (ఆరు ముఖాల డైస్ మీద 5 గానీ 6 గానీ పడితే మళ్ళీ వస్తుంది) అని రాసిన పవర్ ఉంటే మొదటి మంచి అవకాశంలోనే వాడేయాలి, దాచుకోకూడదు, ఎందుకంటే అది ప్రతి టర్న్ మూడింట ఒక వంతు ఛాన్స్‌తో మళ్ళీ వస్తుంది, దాచుకుంటే ఆ ఛాన్సులన్నీ వృథా.

గాబ్లిన్ ఒక టర్న్‌లో కరెక్ట్‌గా ఏం చేయాలి? స్టెప్ బై స్టెప్ చెప్తారా?

చెప్తా, ఎందుకంటే గాబ్లిన్ అర్థమైతే సగం మాన్‌స్టర్లు అర్థమైనట్టే. దాని దగ్గరున్న అసలు ఆస్తి నింబుల్ ఎస్కేప్, ప్రతి టర్న్ బోనస్ యాక్షన్‌తో హైడ్ (దాక్కోవడం) గానీ డిస్‌ఎంగేజ్ (వీపు మీద దెబ్బ తినకుండా తప్పుకోవడం) గానీ చేయొచ్చు. స్టెల్త్ +6. ప్లేయర్ పాసివ్ పర్సెప్షన్ (వెతక్కుండానే గమనించే శక్తి) 12 అనుకుంటే 20 ముఖాల డైస్ మీద 6 పడినా దాక్కున్నట్టే, అంటే నాలుగింట మూడు సార్లు.

టర్న్ దాక్కుని ఉండగా మొదలవుతుంది. షార్ట్‌బోతో కొడుతుంది, కనపడకుండా కొట్టింది కాబట్టి అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం). ఏసీ 16 ఉన్న ఫైటర్ మీద +4 అంటే మామూలుగా 45 శాతం తగిలే ఛాన్స్, అడ్వాంటేజ్‌తో అది దాదాపు 70 అవుతుంది. బాణం వదిలాక ఎక్కడుందో అందరికీ తెలిసిపోతుంది, అందుకే అక్కడే ఉండకుండా ఇంకో చెట్టు వెనక్కి లేదా ఇంకో బండ వెనక్కి కదిలి బోనస్ యాక్షన్‌తో మళ్ళీ దాక్కుంటుంది. పక్క చెట్టు కంటే రెండు చెట్లు అవతలకి వెళ్తే ఇంకా మంచిది, 30 అడుగుల స్పీడ్ ఉంది కదా. ప్లేయర్లు ఒకదాన్ని పట్టుకోవడానికి పరిగెడితే అది డిస్‌ఎంగేజ్ చేసి జారుకుంటుంది, మిగతా ఐదు ఆ పరిగెత్తినవాడి వీపు మీద కొడతాయి.

ప్లేయర్లకి కోపం వస్తుంది. రానివ్వండి, కానీ దారి ఉండాలి. దాక్కున్న చోటుని తగలబెట్టొచ్చు, టర్న్ ఆపి రెడీ యాక్షన్ (అది బయటికి రాగానే కొడతా అని) పెట్టుకోవచ్చు, మధ్యలో ఇరుక్కోకుండా వాళ్ళే చెట్ల చాటుకి వెళ్ళొచ్చు. నా ప్లేయర్లు మూడో రౌండ్‌లో ఆ చాటు సంగతి కనిపెట్టారు, అక్కడ్నుంచి వాళ్ళ ఆట పూర్తిగా మారిపోయింది.

కోబోల్డ్‌కి 5 హిట్ పాయింట్లే ఉన్నాయి, వాటితో ఎవరైనా భయపడతారా?

భయపడతారు. ఇది పాత చర్చ కూడా, 1987 నవంబర్‌లో డ్రాగన్ పత్రిక 127వ సంచికలో ఒక డీఎం కోబోల్డ్‌లు పెద్ద లెవెల్ పార్టీని ఎలా ఏడిపించాయో ఎడిటోరియల్ వచ్చింది, ఇప్పటికీ డీఎంలు కోబోల్డ్ అనగానే దాన్నే తలుచుకుంటారు. వాటి బలం ప్యాక్ టాక్టిక్స్, కొట్టబోయేవాడి పక్కన తోటి కోబోల్డ్ ఉంటే అడ్వాంటేజ్. బలహీనత ఎండ, ఎండలో డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవడం), అంటే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కాబట్టి ఏ కోబోల్డ్ కూడా పగలు బయటికొచ్చి కలబడదు. వాటి ఇంట్లోకే మీరు రావాలి. అక్కడ సొరంగాలు వాటి సైజుకి తవ్వినవి, మనిషి దూరాలంటే నక్కి నక్కి పాకాలి, అలా ఇరుక్కుని ఉన్నవాడికి కొట్టడంలో డిసడ్వాంటేజ్, వాడి మీద కొట్టేవాళ్ళకి అడ్వాంటేజ్. ఇంక ట్రాప్స్ సంగతి చెప్పక్కర్లేదు.

తోడేళ్ళు, ఎలుగుబంట్లు లాంటి జంతువుల్ని ఎలా ఆడాలి?

ఆకలి కోసం వచ్చిన జంతువులా. దానికి మీ పార్టీని ఓడించే పని లేదు, ఒక్కర్ని లాక్కెళ్తే చాలు, అది గాడిదైనా సరే గుర్రమైనా సరే. తోడేలు కాటు తగిలితే డీసీ 11 స్ట్రెంత్ సేవ్ (తప్పించుకోవడానికి డైస్ వేసి స్ట్రెంత్ బోనస్ కలిపితే 11 రావాలి), ఫెయిలైతే కింద పడతారు. పడ్డవాళ్ళ మీద పక్కనుంచి కొట్టేవాళ్ళందరికీ అడ్వాంటేజ్ అని రూల్, కానీ తోడేళ్ళకి ప్యాక్ టాక్టిక్స్‌తో అది ఎలాగూ ఉంది, కాబట్టి కింద పడేయడంలో అసలు లాభం వేరు: లేవడానికి సగం స్పీడ్ పోతుంది, పారిపోలేరు. తోడేళ్ళన్నిటికీ ఒకే ఇనిషియేటివ్ (ఎవరి టర్న్ ముందో తేల్చే డైస్) వేయండి, రూల్ కూడా అదే, అప్పుడు ఒకటి పడేస్తే మిగతావి వాడు లేచేలోపే మీద పడతాయి.

వరసలో చివర ఉన్నవాళ్ళని, ఒంటరిగా ఉన్నవాళ్ళని, చిన్నగా కనపడేవాళ్ళని ఎంచుకుంటాయి. నిప్పు చూపించినా, రెండు చచ్చినా వెళ్ళిపోతాయి. పిల్లల్ని కాపాడుకునే ఎలుగుబంటి మాత్రం వేరే లెక్క, అది వెళ్ళదు, మీరు వెళ్ళిపోతే వెంటపడదు కూడా. ఈ తేడా ప్లేయర్లకి కనపడేలా చెప్పండి, గుహలో పిల్ల అరుపు వినిపించండి చాలు, మంచి ప్లేయర్లు వెంటనే కత్తి దించుతారు.

బుర్ర లేని మాన్‌స్టర్లు?

జాంబీ దగ్గర ఉన్నదాని మీదికి వెళ్తుంది, మధ్యలో గొయ్యి ఉన్నా. దానికి ఒక్కటే ప్రత్యేకం, చావాల్సిన దెబ్బ తగిలినా కాన్ సేవ్ వేసి 1 హిట్ పాయింట్‌తో నిలబడగలదు, రేడియంట్ (దైవకాంతి) డ్యామేజ్ లేదా క్రిటికల్ (డ్యామేజ్ డైస్ రెట్టింపయ్యే దెబ్బ) అయితే తప్ప. జెలటినస్ క్యూబ్ (జెల్లీ దిమ్మ లాంటి జీవి) స్పీడ్ 15, అది వెతుక్కుంటూ రాదు, మీరు వెళ్ళి దాంట్లో నడుస్తారు. ఇలాంటివాటికి టాక్టిక్స్ అంతా ఎక్కడ పెట్టారన్నదే.

మాన్‌స్టర్లు ఎప్పుడు పారిపోవాలి? నా ఫైట్లన్నీ చివరి గాబ్లిన్ చచ్చేదాకా సాగుతున్నాయి, బోర్ కొడుతోంది.

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. పాతకాలంలో దీనికి గట్టి రూల్ ఉండేది. 1981 బేసిక్ సెట్‌లో ప్రతి మాన్‌స్టర్‌కీ 2 నుంచి 12 దాకా మొరేల్ అని ఒక అంకె ఉండేది, మొదటి చావు జరిగినప్పుడు ఒకసారి, సగం మంది పడిపోయినప్పుడు ఇంకోసారి డీఎం రెండు ఆరు ముఖాల డైస్ వేసేవాడు, మొరేల్ కంటే ఎక్కువ పడితే పారిపోవడమో లొంగిపోవడమో. కోబోల్డ్‌కి 6, గాబ్లిన్‌కి 7, రాజు దగ్గరుంటే 9. స్కెలిటన్లకీ జాంబీలకీ 12, అంటే ఎప్పటికీ పారిపోవు. ఆ ఒక్క అంకె చూస్తే చాలు, ఆ జాతి ఎలాంటిదో తెలిసిపోయేది. ఐదో ఎడిషన్ డీఎం గైడ్‌లో కూడా ఆప్షనల్‌గా ఉంది, డీసీ 10 విజ్డమ్ సేవ్, చాలామంది ఆ పేజీ దాకా రారు.

నేను డైస్ వేయడం కంటే ముందే రాసి పెట్టుకుంటా. గాబ్లిన్లు: నాయకుడు చస్తే, లేదా సగం పోతే. దొంగలు: ఒక్కడు చచ్చినా బేరం మొదలుపెడతారు. హాబ్‌గాబ్లిన్లు: ఆర్డర్ వస్తేనే, అదీ వరస చెడకుండా వెనక్కి. మతం పిచ్చి ఎక్కినవాళ్ళు: లేదు. గుడ్లు పెట్టిన ఆడ రాక్షసి: లేదు.

పారిపోవడం కూడా ఎలా అన్నది చూడాలి. డిస్‌ఎంగేజ్ చేస్తే వీపు మీద దెబ్బ తగలదు కానీ మామూలు మాన్‌స్టర్‌కి ఆ టర్న్ యాక్షన్ దానికే పోతుంది, తర్వాత 30 అడుగులే కదులుతుంది, ప్లేయర్ డాష్ (యాక్షన్ ఖర్చుపెట్టి రెట్టింపు దూరం పరిగెత్తడం) చేసి పట్టుకుంటాడు. డాష్ చేస్తే దూరం వస్తుంది కానీ ఒక దెబ్బ తినాలి. భయపడ్డది డాష్ చేస్తుంది, శిక్షణ ఉన్నది డిస్‌ఎంగేజ్ చేస్తుంది, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని గుర్తుపట్టే ప్లేయర్లు నాకు దొరికారు, అది చూడటం ఎంత బాగుంటుందో. పారిపోయినవాటికి కూడా నేను ఎక్స్‌పీ (లెవెల్ పెరగడానికి వచ్చే అనుభవ పాయింట్లు) పూర్తిగా ఇస్తా, లేకపోతే ప్లేయర్లు ప్రతిదాన్నీ వెంటాడి చంపడం నేర్చుకుంటారు.

హాబ్‌గాబ్లిన్లు పెడితే పార్టీ మొత్తం పోయింది, ఎక్కడ తప్పు చేశా?

తప్పేం లేదు, అది స్టాట్ బ్లాక్ పైపైన చూస్తే తెలియని ప్రమాదం. ఏసీ 18, హిట్ పాయింట్లు 11, ఛాలెంజ్ రేటింగ్ (ఎంత కష్టమైనదో చెప్పే అంకె) సగం. మార్షల్ అడ్వాంటేజ్ చదవండి: టార్గెట్‌కి 5 అడుగుల్లో హాబ్‌గాబ్లిన్ తోటివాడు ఉంటే టర్న్‌కి ఒకసారి 2డీ6 (ఆరు ముఖాల డైస్ రెండు) ఎక్స్‌ట్రా. కత్తి దెబ్బ సగటు 5, దానికి ఇంకో 7, మొత్తం 12, మొదటి లెవెల్ విజార్డ్‌కి ఒక్క దెబ్బ. విల్లుకి కూడా అది వర్తిస్తుంది, కాబట్టి ముందు ఇద్దరు డాలు పట్టుకుని అడ్డం నిలబడి, వెనక నలుగురు లాంగ్‌బోలతో కొడితే పెద్ద పార్టీకి కూడా కష్టం. మొదటి రెండు లెవెల్స్‌లో రెండిటి కంటే ఎక్కువ పెట్టకండి. ఎదురుదాడి ఏంటంటే వాటి వరసని చెదరగొట్టడం, విడిపోతే హాబ్‌గాబ్లిన్ కేవలం మంచి కవచం వేసుకున్న సైనికుడు.

మాన్‌స్టర్ ముందు ఎవర్ని కొట్టాలి? విజార్డ్‌నే కొడితే ప్లేయర్ బాధపడుతున్నాడు.

మాన్‌స్టర్‌కి తెలిసినంతవరకే. ఓగర్‌కి విజార్డ్ అంటే గౌను వేసుకున్న మనిషి, అంతే, తనని ఎవరు కొట్టారో వాళ్ళ మీదికి వెళ్తుంది. గాబ్లిన్‌కి కవచం లేనివాడు మెత్తగా ఉంటాడని తెలుసు. హాబ్‌గాబ్లిన్ కెప్టెన్‌కి స్పెల్ వేసేవాళ్ళు ఎలా ఉంటారో తెలుసు. లిచ్‌కి (చచ్చినా బతికున్న మాంత్రికుడు) ఇంటెలిజెన్స్ 20, ఏ స్పెల్ కాన్సన్ట్రేషన్ (వేసినవాడి ఏకాగ్రత) మీద నడుస్తుందో కూడా తెలుసు.

కాన్సన్ట్రేషన్ పగలగొట్టడం గురించి ఒక మాట. దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్ సేవ్, డీసీ 10 లేదా డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. విజార్డ్ సేవ్ +2 అనుకోండి, ఒక చిన్న దెబ్బకి ఫెయిలయ్యే ఛాన్స్ 35 శాతం, అలాంటి చిన్న దెబ్బలు మూడు తగిలితే ఎక్కడో ఒకచోట ఫెయిలయ్యే ఛాన్స్ 72 శాతం దాటుతుంది. అందుకే తెలివైన విలన్ విజార్డ్ మీదికి ఒక పెద్ద రాక్షసుణ్ణి పంపడం కంటే ముగ్గురు విలుకాళ్ళని పెడతాడు.

ప్లేయర్ బాధ గురించి: ప్రతి ఫైట్‌లో ప్రతి మాన్‌స్టర్ వాడి మీదే పడితే బాధపడటం న్యాయమే. తెలివైనవాటికి మాత్రమే ఆ పని ఇవ్వండి, మిగతావి ఫైటర్ మీదికి వెళ్ళనివ్వండి, ఆ కవచం కొనుక్కున్నది అందుకే కదా.

మాన్‌స్టర్‌కి ఏం తెలుసు, డీఎంగా నాకేం తెలుసు, ఇది ఎలా వేరు చేయాలి?

ట్రోల్‌తో చెప్తా. ప్రతి టర్న్ మొదట్లో 10 హిట్ పాయింట్లు తిరిగొస్తాయి, మంట గానీ యాసిడ్ గానీ తగిలితే ఆ ఒక్కసారి రావు. పార్టీలో ఎవరి దగ్గర ఫైర్ స్పెల్ ఉందో మీకు తెలుసు, ట్రోల్‌కి తెలీదు. కాబట్టి మొదటి రౌండ్‌లో అది దగ్గరున్నవాడి మీద పడాలి, కత్తి దెబ్బల్ని లెక్కచేయకూడదు, ఎందుకంటే పుట్టినప్పట్నుంచీ ఏ దెబ్బా దానికి మిగల్లేదు. మొదటి మంట తగిలాక మొత్తం మారిపోవాలి. ఇప్పుడు దానికి ఒకే ఒక్క శత్రువు, ఆ మంట వేసినవాడు. వాణ్ణి అందుకోగలిగితే వెళ్తుంది, లేకపోతే పారిపోతుంది.

చాలామంది డీఎంలు వదిలేసేది ఇక్కడే ఉంది. ట్రోల్‌కి మొత్తం 84 హిట్ పాయింట్లు. 1 పాయింట్‌తో తప్పించుకున్నా తొమ్మిది రౌండ్లలో పూర్తిగా నయమైపోతుంది, అంటే నిమిషం కూడా కాదు. పార్టీ ఊపిరి పీల్చుకుని, గాయాలకి కట్టు కట్టుకుంటుండగా అదే ట్రోల్ ఒంటి మీద గీత లేకుండా తిరిగొస్తుంది. నేను ఒక్కసారే చేశా, తర్వాత ఏ ట్రోల్ కనపడినా నా ప్లేయర్లు ముందు దాని దారి మూసేస్తున్నారు.

డ్రాగన్ ఫైట్ ఎలా నడపాలి?

అడల్ట్ రెడ్ డ్రాగన్ తీసుకుందాం. హిట్ పాయింట్లు 256, ఏసీ 19, గాల్లో 80 అడుగుల స్పీడ్, 60 అడుగుల కోన్‌లో మంట, సగటున 63 డ్యామేజ్, డీసీ 21 డెక్స్ సేవ్. ఇంటెలిజెన్స్ 16. ఇన్ని ఉన్న జీవి నేల మీద నిలబడి ఫైటర్‌తో కత్తిసాము చేస్తుందా? బయట దొరికితే అది ఇలా చేస్తుంది: పైనుంచి దిగి అందరూ కలిసి ఉన్నప్పుడు ఒక మంట వదిలి, అదే ఊపులో దూరం పోతుంది, 200 అడుగుల పైన తిరుగుతూ రీచార్జ్ కోసం చూస్తుంది. ఆ దూరంలో లాంగ్‌బోకి డిసడ్వాంటేజ్, ఫైర్‌బాల్ 150 అడుగులే అందుతుంది, అదీ రెడ్ డ్రాగన్ మీద దండగ. రీచార్జ్ వస్తే మళ్ళీ దిగుతుంది.

నిజం చెప్పాలంటే ఇలా ఆడితే డ్రాగన్ దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది, కత్తి పట్టుకున్న ప్లేయర్లు గంటసేపు ఆకాశం చూస్తూ కూర్చుంటారు. దాని తెలివి తగ్గించడం దీనికి పరిష్కారం కాదు, అది కిందికి రావడానికి కారణం ఉండాలి. రెడ్ డ్రాగన్‌కి అహంకారం ఎక్కువ, పిరికిదని వెక్కిరిస్తే సహించలేదు. సంపద మీద ప్రాణం, ఒక్క నాణెం ఎవరైనా తీసినా దానికి తెలుస్తుంది. ఆ రెండూ ప్లేయర్లు ముందే వినేలా చేయండి, ఊళ్ళో ముసలివాళ్ళ ద్వారానో పాత రాతల ద్వారానో, అప్పుడు దాన్ని గుహలోకి, తక్కువ ఎత్తున్న చోటికి రప్పించే ప్లాన్ వాళ్ళే వేస్తారు.

దగ్గరికి వచ్చాక కూడా చాలా ఉంది. ఫ్రైట్‌ఫుల్ ప్రెజెన్స్ మొదటి రౌండ్‌లోనే, భయపడ్డవాళ్ళు దగ్గరికి రాలేరు. చుట్టూ ముగ్గురు చేరగానే వింగ్ అటాక్, రెండు లెజెండరీ యాక్షన్లు (వేరేవాళ్ళ టర్న్ అయ్యాక చేసే అదనపు పనులు) ఖర్చవుతాయి కానీ 10 అడుగుల్లో ఉన్నవాళ్ళు డీసీ 22 సేవ్ ఫెయిలైతే కింద పడతారు, ఆ వెంటనే అది 40 అడుగులు ఎగిరిపోతుంది. లెజెండరీ రెసిస్టెన్స్ (ఫెయిలైన సేవ్‌ని గెలిచినట్టు మార్చుకోవడం) రోజుకి మూడే. మంత్రంతో డ్యామేజ్ వస్తే తినేయండి, 256 ఉన్నాయి. దాన్ని ఆటలోంచి తీసేసే మంత్రాలకి మాత్రమే ఖర్చుపెట్టండి, ఖర్చుపెట్టిన ప్రతిసారీ ప్లేయర్లకి చెప్పండి, మూడు అయిపోయాయని తెలిస్తే టేబుల్ దగ్గర ఊపు వేరుగా ఉంటుంది.

రంగుని బట్టి కూడా మారాలి. బ్లాక్ డ్రాగన్ నీళ్ళలో ఊపిరి తీసుకోగలదు, చిత్తడి నేలలో నీటి కింద పొంచి ఉంటుంది. బ్లూ డ్రాగన్ వదిలేది మంట కాదు మెరుపు, కోన్ కాదు సన్నటి గీత, కాబట్టి ప్లేయర్లు వరసగా నడిచే ఇరుకు దారి దానికి ఇష్టం. వైట్ డ్రాగన్ అడల్ట్‌కి ఇంటెలిజెన్స్ 8 మాత్రమే, దాన్ని పెద్ద జంతువులా ఆడండి, చదరంగం ఆడించకండి.

మైండ్ ఫ్లేయర్?

మైండ్ బ్లాస్ట్ తప్ప ఇంకేం ముందు వాడకూడదు. 60 అడుగుల కోన్, డీసీ 15 ఇంటెలిజెన్స్ సేవ్, ఫెయిలైతే నిమిషం దాకా స్టన్ (ఏం చేయలేక నిలిచిపోవడం). ఫైటర్లు, బార్బేరియన్లు ఇంటెలిజెన్స్ 8 పెట్టుకుంటారు, వాళ్ళు నాలుగింట మూడు సార్లు ఫెయిలవుతారు. స్టన్ అయినవాళ్ళలో ఒకర్ని టెంటకిల్స్‌తో పట్టుకుంటుంది, ఆ తర్వాతి టర్న్ మెదడు తీసే పని, 10డీ10. అది ఒంటరిగా రాదు, ముందు బానిసలు ఉంటారు. పరిస్థితి చెడితే ప్లేన్ షిఫ్ట్‌తో (వేరే లోకానికి వెళ్ళే మంత్రం) మాయమవుతుంది, అంత తెలివైనది ప్రాణం ఇవ్వదు. ప్లేయర్లకి దీన్ని హఠాత్తుగా పరిచయం చేయకండి, ముందు మెదడు లేని శవం ఒకటి కనపడాలి.

బాస్ ఒక్కడే ఉంటే రెండు రౌండ్లలో చస్తున్నాడు. హెచ్‌పీ డబుల్ చేయనా?

వద్దు. హెచ్‌పీ పెంచితే అదే ఫైట్ ఇంకో రెండు రౌండ్లు సాగుతుంది అంతే. అసలు సమస్య టర్న్‌లు, వాళ్ళకి రౌండ్‌కి నాలుగు, ఇతనికి ఒకటి. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్‌లో 1 హిట్ పాయింట్ ఉండే మినియన్లు పెట్టారు, బాస్ పక్కన పనికొచ్చేవి, ఐదోదాంట్లో లెజెండరీ యాక్షన్లు వచ్చాయి. మీ బాస్‌కి లెజెండరీ యాక్షన్లు లేకపోతే పక్కన నలుగురు చిన్నవాళ్ళని పెట్టండి, వాళ్ళ పని ఒక్కటే, ఫైటర్ బాస్ దాకా రాకుండా ఆపడం. ఇంకా మంచిది, బాస్‌కి ఫైట్ గెలవడం కాకుండా వేరే పని ఇవ్వండి, నాలుగో రౌండ్‌లో పూజ పూర్తవుతుంది అనో, పడవ కదులుతుంది అనో.

పడిపోయిన క్యారెక్టర్‌ని మాన్‌స్టర్ ఇంకా కొట్టొచ్చా?

రూల్ ప్రకారం కొట్టొచ్చు, ఎంత ఘోరమో చూడండి: స్పృహ లేనివాణ్ణి 5 అడుగుల్లోంచి కొడితే తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్, రెండు డెత్ సేవ్ ఫెయిల్యూర్లు (మూడైతే చావు). రెండు దెబ్బలు తగిలితే వాడు చచ్చినట్టే. మాన్‌స్టర్ వైపు నుంచి ఆలోచిస్తే చాలావాటికి నిలబడి ఉన్నవాళ్ళే ప్రమాదం, పడ్డవాణ్ణి వదిలేసి వాళ్ళ మీదికి పోతాయి. గూల్ (శవాలు తినే జీవి) ఆకలితో ఉంటుంది, అది తింటుంది. తోడేలు లాక్కెళ్తుంది. క్లెరిక్ ఒక్క మాటతో పడ్డవాణ్ణి రెండుసార్లు లేపడం కళ్ళారా చూసిన హంతకుడు మూడోసారి ఊరుకోడు.

కానీ ఇది మాన్‌స్టర్ లెక్కతో మాత్రమే తేలే విషయం కాదు. క్యాంపెయిన్ మొదలుపెట్టేటప్పుడే కూర్చుని మాట్లాడుకోండి, మన ఆటలో ఇలా జరుగుతుందా లేదా అని. నాకు తెలిసిన ఒక టేబుల్‌లో ఈ మాట ముందు అనుకోకపోవడం వల్ల మూడేళ్ళ క్యాంపెయిన్ ఒక్క రాత్రిలో ఆగిపోయింది, ఆ ఇద్దరు స్నేహితులు మళ్ళీ కలిసి ఆడలేదు. నా టేబుల్‌లో అయితే అలా చేయబోయే మాన్‌స్టర్ ఒక టర్న్ ముందు సంకేతం ఇస్తుంది, కత్తి ఎత్తుతుంది, గూల్ వంగి వాసన చూస్తుంది. ఆ ఒక్క టర్న్ మిగతావాళ్ళకి దొరుకుతుంది.

ఫ్లాంకింగ్ రూల్ వాడుతున్నాం, తోడేళ్ళు చప్పగా ఉన్నాయి.

అవును, ఎందుకంటే ఆ ఆప్షనల్ రూల్ శత్రువుకి ఎదురెదురు వైపుల నిలబడ్డ అందరికీ అడ్వాంటేజ్ ఇచ్చేస్తోంది, ప్యాక్ టాక్టిక్స్ ఉన్నవాటికి ప్రత్యేకం ఏం మిగల్లేదు. తీసేయండి, లేదా ఫ్లాంకింగ్‌కి +2 మాత్రమే ఇవ్వండి.

మేం పాత్‌ఫైండర్ ఆడతాం, ఇవన్నీ పనికొస్తాయా?

అది ఇలాంటిదే ఇంకో గేమ్, ఆలోచన పనికొస్తుంది, అంకెలు కాదు. 2019లో వచ్చిన రెండో ఎడిషన్‌లో టర్న్‌కి మూడు యాక్షన్లు, రెండో దెబ్బకి మామూలుగా -5, మూడో దెబ్బకి -10. కాబట్టి మాన్‌స్టర్ మూడోసారి కొట్టడం దాదాపు దండగ, ఆ యాక్షన్‌తో కదలాలి, డాలు ఎత్తాలి, లేదా ప్లేయర్ మళ్ళీ దగ్గరికి రావడానికి ఒక యాక్షన్ ఖర్చుపెట్టేలా వెనక్కి జరగాలి. అక్కడ వీపు మీద దెబ్బ కొట్టే రియాక్షన్ అందరికీ ఉండదు, అందుకే కదలడం చవక.

అన్నా, ఇన్ని గుర్తుపెట్టుకోవడం కష్టం. టేబుల్ దగ్గర ఏం రాసుకుంటావ్?

ఒక చిన్న కాగితం, మాన్‌స్టర్‌కి మూడు లైన్లు తమ్ముడు. ఉదాహరణకి నా దగ్గరున్నది ఒకటి: "గాబ్లిన్లు ఆరు. కావాల్సింది: గాడిద మీద మూటలు. మొదటి రౌండ్: చెట్ల మీంచి బాణాలు, గాడిద తాడు కోసెయ్యాలి. పారిపోయేది: మూటలు దొరికినా, మూడు చచ్చినా." డ్యామేజ్‌కి డైస్ వేయకుండా సగటు తీసుకుంటా, ప్రతి స్టాట్ బ్లాక్‌లో రాసే ఉంటుంది, టైమ్ చాలా కలిసొస్తుంది.

పట్టుబడ్డ గాబ్లిన్‌ని ప్లేయర్లు ప్రశ్నిస్తే ఏం చెప్పించాలి?

దానికి బతకాలని ఉంది, కాబట్టి అడిగినవన్నీ చెప్తుంది. ఎంతమంది ఉన్నారు, నాయకుడి పేరేంటి, ముందు దారిలో ఎక్కడ ట్రాప్ ఉంది, అన్నీ నిజమే. ఒక్క వెనక దారి గురించి మాత్రం చెప్పదు, ఎన్నిసార్లు అడిగినా అటువైపు చూడదు, ఎందుకంటే దాని పిల్లలు ఉన్నది అక్కడే. ఇన్‌సైట్ చెక్ మంచిగా పడితే ఏదో దాస్తోంది అని చెప్పండి, ఏం దాస్తోందో చెప్పకండి.